పద్నాలుగు ఎర్రచుక్కలు

వాసన ముందుగా రేడియోల మేస్త్రీ అంపోఫో ముక్కుకే తగిలింది. శామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో నూటికి పైగా మంది కూర్చున్నారు. వాళ్లలో వైరు కాలిన వాసనకీ, మైనం కాలిన వాసనకీ తేడా తెలిసినవాడు అతనొక్కడే. ఇది మైనం వాసన. మరో రెండు క్షణాలకు రేడియో వెనకనుంచి సన్నగా పొగ లేచింది.

సింతిమ్ మేష్టారు పోయి ఆ శనివారానికి సరిగ్గా వారం. కొఫొరిదువా ఊళ్లో ఆయన ఇంటి వాకిలి నిండా ఎరుపూ నలుపూ గుడ్డలు కట్టుకున్న చుట్టాలు. మధ్యలో బల్ల మీద ఆయన ఫోటో, దాని పక్కన ఆయన ప్రాణంలా చూసుకున్న పాత జర్మనీ రేడియో. పది గంటలకు ఊరి రేడియో స్టేషన్‌లో చావు కబురు చదువుతారు, అది మావయ్య రేడియోలోనే వినపడి తీరాలని మేనల్లుడు టవియా పట్టుబట్టాడు. స్విచ్చి అత్తయ్య చేత్తోనే వేయించాలన్నదీ అతనే. మేష్టారి భార్య ఫ్రేమా లేచి వేసింది. వాల్వులు వేడెక్కేదాకా జనం ఊపిరి బిగబట్టారు. "కొఫొరిదువా వాస్తవ్యులు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు..." అంటూ గొంతు గంభీరంగా వచ్చింది. సరిగ్గా పేరు దగ్గరికొచ్చేసరికి బొంగురుపోయి, గరగరలాడి, ఆగిపోయింది.

"అయ్యో, పోయినాయన పేరు నోట రాలేదే!" అని వెనక వరసలో ఎవరో ఆడమనిషి కేకపెట్టింది.

ఆ కేకతో అందరి చూపులూ ఫ్రేమా మీదికి తిరిగాయి. అక్కడి ఆచారంలో ఆస్తి మేనల్లుడిది, భార్యకు మిగిలేది పెద్దల దయ. రేడియో టవియాకు పోతుందని వంశపెద్ద ఓబెంగ్ ముందురోజే తేల్చేశాడు. ఫ్రేమా ఉంటున్న రెండు గదుల సంగతీ, వీధివైపు ఆమె కుట్టుమిషను పెట్టుకున్న కొట్టు సంగతీ మాత్రం వచ్చే శనివారం కూర్చుని తేలుస్తామన్నాడు. స్విచ్చి మీద ఆఖరున పడిన చెయ్యి ఆవిడది. ఇంకేం కావాలి?

"నీళ్లు పోసుంటుంది," అన్నాడు టవియా. "లేకపోతే సూది గుచ్చుంటుంది. నాకు దక్కకూడదని."

"నేనా?" అంది ఫ్రేమా. ఆమె చెయ్యి ఇంకా స్విచ్చి దగ్గరే ఉంది.

"మేస్త్రీ! ఇలా రావయ్యా," అని పిలిచాడు ఓబెంగ్.

అంపోఫో బల్ల దగ్గరికి వచ్చి, ప్లగ్గు పీకి, రేడియోను తిప్పాడు. వెనక అట్టమూతకు నాలుగు మరలు. గోటితో తిప్పితేనే ఊడి వచ్చాయి. లోపలికి వంగి చూశాడు. ఆఖరి వాల్వుకు ముందుండే కండెన్సరు, చుట్ట ముక్కంత గోధుమరంగు గొట్టం, కొన పగిలి మైనం కార్చుకుంటోంది. దాని నడుం మీద ఎర్రచుక్క ఉంది.

ఆ చుక్క అతనిదే. పాత రేడియోల పనిలో అంపోఫోకు రాజధాని అక్రాదాకా పేరు తెచ్చింది ఆ చుక్కే. యాభై అరవై ఏళ్లనాటి కండెన్సర్లలో కాగితం చెమ్మ పట్టి పాడైపోతుంది. అవి ఆపాల్సిన కరెంటును ఆపలేవు, పోనివ్వాల్సిన పాటను సరిగా పోనివ్వవు. మిగతా వాళ్లయితే వాటిని పీకి, రంగురంగుల కొత్త ముక్కలు అతికిస్తారు. అంపోఫో అలా చెయ్యడు. గొట్టాన్ని వెచ్చచేసి, లోపలి కాగితపు చుట్టను బయటికి తోసి, దాని పొట్టలో చిన్న కొత్త కండెన్సరు పెట్టి, మళ్లీ అదే మైనం పోసి మూస్తాడు. పైకి అరవై ఏళ్ల గొట్టం, లోపల నిన్నటి సరుకు. మార్చినట్టు గుర్తుగా గోళ్లరంగుతో ఒక చుక్క పెడతాడు. చుక్క ఉంటే ఇక ఆ గొట్టాన్ని ఎవరూ అనుమానించరు.

కానీ కొత్త కండెన్సరు ఇలా మైనం కక్కదు.

ఏడాది కిందట ఈ రేడియో తన షాపు బల్లమీద ఉన్నప్పుడు రోజుకు మూడుసార్లు కరెంటు పోయేది. గోళ్లరంగు సీసా మూత మాటిమాటికీ తీస్తే గడ్డకట్టుకుపోతుందని, ఒక్క ఊపులో పద్నాలుగు గొట్టాలకీ ముందే చుక్కలు పెట్టేసి, కరెంటు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటీ నింపేవాడు. ఒకటి మరిచిపోయాడు. అంతే జరిగింది.

"ఏమిటి సంగతి? దానంతట అదే పోయిందా, ఎవరైనా చెయ్యి పెట్టారా?" ఓబెంగ్ అడిగాడు.

మొదటి వరసలో పాస్టరు లార్బీ ఉన్నాడు, ఆయన ఇంట్లో అంపోఫో బాగుచేసిన రేడియో ఉంది. ఆయన పక్కన హోటలు మేనేజరున్నాడు, వాళ్లకు అలాంటివి మూడు ఉన్నాయి. అందరూ అతని నోటివంకే చూస్తున్నారు. అంపోఫో చేతిలోని మరను అటూ ఇటూ తిప్పాడు.

"వెనక మరలు వదులుగా ఉన్నాయి," అన్నాడు.

అందులో అబద్ధమేమీ లేదు. పాత అట్ట పగులుతుందని అతనే ఏ రేడియోకూ మరలు బిగించడు. ఆ మాట మాత్రం చెప్పలేదు. టవియా "చూశారా!" అని తొడ చరిచాడు. ఫ్రేమా స్విచ్చి మీదనుంచి చెయ్యి తీసి, కొంగులో దాచుకుంది.

*

సోమవారం పొద్దున షాపు తెరిచి, బాగుచెయ్యడానికి తెచ్చిన రేడియోలోంచి ముందుగా ఆ గొట్టాన్నే కత్తిరించి తీశాడు. జుట్టు ఆరబెట్టే మిషనుతో వెచ్చచేసి, వెదురుపుల్లతో తోశాడు. నల్లగా, జిడ్డుగా, రేకూ కాగితమూ కలిసిన పాత చుట్ట జారి బల్లమీద పడింది. గబగబా దాన్ని తీసి కింద డబ్బాలో పడేశాడు. ఆ డబ్బాలో అలాంటివి ఇప్పటికే వందల కొద్దీ ఉన్నాయి. గొట్టంలో కొత్తది పెట్టి, మైనం పోసి, చల్లారాక కొన నున్నగా రుద్దాడు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు కూడా మార్చాడు. చేతులు వాటంతట అవే పనిచేసుకుపోయాయి. పని ఎంత బాగా వచ్చిందంటే, తప్పు జరిగిన ఆనవాలే మిగల్లేదు.

షాపు ముందు పులిసిన మొక్కజొన్న పిండితో కెంకె ముద్దలు చేసి అమ్మే కొర్కో ఆకుపొట్లం, వేయించిన చేపముక్క, కారం తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఏంటి పెద్దాయనా, మొహం ఉడకని కెంకెలా పెట్టావ్? ఆ మేష్టారి పెళ్లాం సంగతి విన్నావా? శనివారానికి గదులు ఖాళీ చెయ్యమంటారట. మొగుడి పేరు గాల్లో పలక్కుండా చేసిందని ఊరంతా ఒకటే గోల. నువ్వే కనిపెట్టావటగా!"

"నేనేం కనిపెట్టలేదు."

"మరలు విప్పిందని చెప్పింది నువ్వేనట."

"వదులుగా ఉన్నాయన్నాను. విప్పిందనలేదు."

"రెంటికీ తేడా ఏంటో! నేను కెంకె అమ్ముకునేదాన్ని, నాకు తెలీదులే." కొర్కో అరలవైపు చూసి గడ్డం ఎత్తింది. "హోటలోళ్లది అదేగా? నెలరోజులైంది, ఇంకా ముట్టుకోలేదా?"

హోటలు రేడియో పై అరలో దుమ్ము పట్టి ఉంది. తుడిచే అమ్మాయి నీళ్లు చల్లి కాల్చేసిందని, ఆమెను పనిలోంచి తీసేశామని మేనేజరు చెప్పి పెట్టి వెళ్లాడు. అంపోఫో అప్పుడు "అలాగా" అని ఊరుకున్నాడు. ఇప్పుడు దానివంక చూడబుద్ధి కాలేదు. చేపముక్క కూడా తినలేకపోయాడు.

బుధవారం మధ్యాహ్నం ఫ్రేమా వచ్చింది. నల్లగుడ్డలో సన్నబడిపోయినట్టు కనిపించింది. దర్జీ మనిషి కదా, కూర్చోగానే బల్లమీదున్న గుడ్డపేలికను తీసుకుని మడతలు పెట్టడం మొదలెట్టింది. అంపోఫో లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు.

"అన్నా, ఒక్క మాట అడగడానికొచ్చాను," అంది. "ముందురోజు రేడియో మీద బూజు దులిపాను. తడిగుడ్డతోనే దులిపాను. మనుషులొస్తారు, మసిగా ఉంటే బాగోదని. వెనకవైపు కూడా తుడిచాను. చెమ్మ లోపలికి పోయుంటుందా?"

అంపోఫో బల్లమీదున్న వెదురుపుల్లను పక్కకు జరిపాడు.

"వాళ్లనేదానికి నాకు కోపం లేదు. సూదులూ గీదులూ నేనెందుకు గుచ్చుతాను? కానీ నావల్లే పోయిందేమోనని... ఆయన పేరు వినపడలేదు కదా. నాలుగు రోజులనుంచి అదే తిరుగుతోంది బుర్రలో. నువ్వు చూశావు కదా లోపల. చెప్పు. తడిగుడ్డవల్లేనా?"

ఇప్పుడు చెప్పేస్తే సరిపోయేది. షాపులో ఇంకెవరూ లేరు. కొర్కో కూడా బేరంలో మునిగి ఉంది. అంపోఫో నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి వచ్చింది ఇది:

"చెప్పలేం ఫ్రేమా. పాత సరుకు కదా."

ఫ్రేమా తలూపింది. మడతపెట్టిన పేలికను నాలుగు మూలలూ సరిచేసి బల్లమీద పెట్టి, "ఆయన నిన్ను చాలా మెచ్చుకునేవాడు," అని లేచింది. "చుక్కలు లెక్కపెట్టి చూపించేవాడు వచ్చినవాళ్లకి. పద్నాలుగు, పద్నాలుగు అంటూ."

ఆమె వెళ్లాక అంపోఫో ఆ పేలికను ముట్టుకోలేకపోయాడు. తిట్టినా బాగుండేది. శాపనార్థాలు పెట్టినా తలవంచుకు పడేవాడు. చెయ్యని తప్పును ఆమె తనే నెత్తికెత్తుకుని, దాన్ని దించమని అతని దగ్గరికే వచ్చింది. అతను ఇంకాస్త బరువు పెట్టి పంపాడు. నలభై ఏళ్ల పనిలో ఇంత నీచంగా ఎప్పుడూ అనిపించలేదు అతనికి. గురువారం, శుక్రవారం షాపు తెరిచి ఊరికే కూర్చున్నాడు. శుక్రవారం సాయంత్రానికి నిశ్చయించుకున్నాడు.

*

శనివారం వంశపెద్దలు అదే వాకిట్లో కూర్చున్నారు. ఈసారి శామియానా లేదు. మామిడిచెట్టు నీడలో ఎనిమిది కుర్చీలు, ఎనిమిదింటిలోనూ మనుషులు. ఫ్రేమా గోడ పక్కన నిలబడి ఉంది.

అంపోఫో రేడియో తెచ్చి బల్లమీద పెట్టాడు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేస్తే పాట గలగలా వచ్చింది. టవియా మొహం వెలిగిపోయింది. అంపోఫో స్విచ్చి కట్టేశాడు.

"పెద్దయ్యా, నేనొకటి చెప్పాలి. ఫ్రేమా దీన్నేమీ చెయ్యలేదు. తప్పు నాది. ఈ గొట్టం లోపల కొత్త సరుకు పెట్టానని చుక్క పెట్టాను గానీ, సరుకు పెట్టలేదు. మరిచిపోయాను. అదే కాలింది. మరలు కూడా నేనే బిగించలేదు. ఎప్పుడూ బిగించను."

టవియా పకపకా నవ్వాడు.

"ఏం పెట్టి మేపింది మేస్త్రీ నిన్ను? బుధవారం నీ షాపుకొచ్చిందని ఊరంతా చూసింది!"

"నోర్ముయ్యరా," అన్నాడు ఓబెంగ్, కానీ అతని చూపులోనూ అదే అనుమానం ఉంది. "వారం కిందట ఇదే చోట నిన్నడిగాను. మరలు వదులన్నావు. ఇవాళ మాట మార్చావు. ఏది నమ్మాలయ్యా మేము? మరిచిపోయానంటున్నావుగా, ఆ గొట్టం విప్పి చూపించు."

సోమవారం తను చేసిన పని అప్పటిదాకా అంపోఫోకు తట్టనేలేదు.

"అందులో... మొన్న సోమవారమే కొత్తది పెట్టాను."

"మరి పాతదేది?"

"డబ్బాలో పడేశాను. అందులో వందలున్నాయి. ఏది దీనిదో..."

ఈసారి టవియా ఒక్కడే కాదు, ముగ్గురు నలుగురు నవ్వారు. "విప్పు, అయినా విప్పు," అన్నాడు టవియా. అంపోఫో కత్తెరతో గొట్టాన్ని కత్తిరించి తీశాడు. వెచ్చచెయ్యడానికి ఏదైనా కావాలన్నాడు. ఎవరూ కదల్లేదు. ఫ్రేమాయే వంటింట్లోకి వెళ్లి, బొగ్గుల కుంపటి తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టింది. అతను గొట్టాన్ని సెగ మీద తిప్పి, పుల్లతో తోశాడు. పసుపుపచ్చగా, చిన్నగా, మెరుస్తూ కొత్త కండెన్సరు అరచేతిలో పడింది. ఎంత మంచి పని! తన పనితనమే ఆమె మెడకు ఉరై కూర్చుంది.

"కొత్తది!" అని టవియా అందరికీ చూపించాడు. "అత్తయ్యా, మూటలు కట్టుకో."

ఓబెంగ్ కర్ర ఊతంగా లేవబోయాడు. అప్పుడు ఫ్రేమా మాట్లాడింది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"పెద్దయ్యా, ఇంకా పదమూడు చుక్కలున్నాయి. ఒకటి మరిచినవాడు ఒక్కటే మరిచాడని ఎవరు చెప్పారు? అన్నీ విప్పమనండి."

"నా రేడియో!" అని టవియా ముందుకొచ్చాడు. "ముక్కలు చేస్తారా ఏంటి?"

"ఇంకా నీ చేతికివ్వలేదు," అన్నాడు ఓబెంగ్ మళ్లీ కూర్చుంటూ. "విప్పు మేస్త్రీ."

ఫ్రేమా మాటలు అంపోఫోకు చురుక్కుమన్నాయి. ఒక్కటే మరిచానని అతనికి గట్టి నమ్మకం. కాబట్టి విప్పే ప్రతి గొట్టమూ ఆమెను ఇంకొంచెం ముంచుతుంది. అయినా మోకాళ్లమీద కూర్చుని రెండోది కత్తిరించాడు. సెగ చూపించాడు, తోశాడు.

"కొత్తది," అన్నాడు టవియా.

మూడోది. నాలుగోది. "కొత్తది. ఇదీ కొత్తదే." కరిగిన మైనం వేళ్లకు అంటుకుని చర్మం కాలుతోంది. అయిదు, ఆరు, ఏడు. పసుపు కండెన్సర్లు గుడ్డమీద వరసగా చేరుతున్నాయి. ఒక్కొక్కటీ ఎంత నిఖార్సుగా ఉందో అతనికి కనపడుతూనే ఉంది. నలభై ఏళ్లలో మొదటిసారి, తన చేతిపని పాడుగా ఉండాలని లోలోపల దేవుణ్ణి వేడుకున్నాడు. ఎనిమిది. తొమ్మిది. పది. టవియా అరవడం మానేసి ఊరికే వేలు చూపిస్తున్నాడు. ఫ్రేమా గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

పదకొండోది వెంటనే కదల్లేదు. అంపోఫో ఇంకాస్త సెగ చూపించి, పుల్ల నొక్కిపట్టాడు. మెల్లగా, బద్ధకంగా, నల్లటి చుట్ట ఒకటి తల బయటపెట్టింది. చెమ్మపట్టిన కాగితం, తెల్లబారిన రేకు. అది కుంపటి అంచుకు తగిలి చుయ్యిమంది. దాని వాసన వాకిలంతా పాకింది.

ఆ వాసన ఈసారి అంపోఫో ఒక్కడికే కాదు, అందరికీ తెలిసింది. పోయిన శనివారం మేష్టారి పేరు దగ్గర లేచిన వాసన అదే. ఓబెంగ్ ముక్కు ఎగబీల్చి, వంగి, కర్రకొనతో ఆ గొట్టాన్ని దొర్లించాడు. దాని మీద ఎర్రచుక్క నిగనిగలాడుతోంది.

"చుక్క పెట్టావు," అన్నాడు.

"పెట్టాను పెద్దయ్యా."

"లోపలేమీ మార్చలేదు."

"మార్చలేదు."

ఓబెంగ్ టవియావైపు చూడకుండానే, "లేచి ఫ్రేమాకి కుర్చీ ఇవ్వరా," అన్నాడు.

టవియా అటూ ఇటూ చూశాడు. ఇంకెవరూ లేవకపోయేసరికి తనే లేచి, కుర్చీ గోడ దగ్గరికి జరిపి, దూరంగా వెళ్లి నిలబడ్డాడు. ఫ్రేమా కూర్చుంది. ఏడాది తంతు అయ్యేదాకా గదుల మాట, కొట్టు మాట ఎవరూ ఎత్తకూడదని ఓబెంగ్ చెప్పాడు. అప్పుడు కూడా ఆవిడను అడక్కుండా ఏదీ తేల్చేది లేదన్నాడు. మేస్త్రీకి మాత్రం ఒక్క మాటా చెప్పలేదు. అతని మొహంవంకైనా చూడలేదు.

పెద్దలు వెళ్లాక అంపోఫో కిందపడిన ముక్కలు ఏరుకుంటున్నాడు. కాలిన వేళ్లు సరిగా పట్టడం లేదు. ఫ్రేమా కుర్చీలోంచి దిగి, పక్కన గొంతుక్కూర్చుని, తనూ ఏరడం మొదలెట్టింది. ఆమె గట్టెక్కింది. ఆ సంతోషం అంపోఫోకు నిజంగానే కలిగింది. కానీ దాని పక్కనే ఇంకో భయం కూడా కూర్చుని ఉంది. ఒక్కటే మరిచానని ప్రమాణం చేసి మరీ చెప్పేవాడే!

"ఫ్రేమా, బుధవారంనాడు నేను..."

"వద్దన్నా. అది ఇప్పుడు చెప్పకు." నల్లటి చుట్టను ఆమె వేళ్లతో పట్టుకుని చూసింది. "ఇలా చుక్కలు పెట్టినవి ఊళ్లో ఎన్నున్నాయి?"

"చాలా ఉన్నాయి."

"కాలినవి?"

అతను ఇంకో ముక్క ఏరి గుడ్డలో వేశాడు.

"ఆ ఇళ్లలో ఎవరి మీదకు నెట్టారో," అంది ఫ్రేమా. చుట్టను అతని చేతిలో పెట్టి, కుంపటి ఎత్తుకుని లోపలికి వెళ్లింది.

అంపోఫో షాపుకు వచ్చేసరికి కొర్కో ఖాళీ గిన్నెలు కడుగుతోంది. అప్పటికే కబురు అందినట్టుంది, అతన్ని చూసి వేళాకోళం ఆడలేదు. అతను స్టూలు వేసుకుని పై అరలోంచి హోటలు రేడియో దించాడు. దుమ్ము తుడిచి బల్లమీద బోర్లించాడు. వెనక మరలు నాలుగూ వదులుగానే ఉన్నాయి. చెయ్యి వాటి దాకా వెళ్లి ఆగింది.

"కొర్కో, హోటల్లో తుడిచే ఆ అమ్మాయి మీ సొమాన్యా ఊరి పిల్లేనన్నావు కదూ? ఇప్పుడెక్కడుంది?"

"ఎక్కడుంటుంది, వాళ్ల పిన్ని ఇంట్లో మాటలు పడుతోంది. ఏం? విప్పి చూశావా? ఆ పిల్ల తప్పు కాదా?"

"ఇంకా విప్పలేదు," అన్నాడు అంపోఫో. "ముందు ఆ ఇల్లెక్కడో చెప్పు."